కడిగిన రేకులు

కూరాలీ, గిప్స్‌లాండ్
నవంబరు చివరి ఆదివారం, 1996

ఒసేయ్ ఊనా,

మీ చెల్లెలి తుంటి ఎముక అతుక్కుంటోందా, లేక నీ చేతివంట మరిగి మంచం దిగనంటోందా? మర్టిల్ చిన్నప్పట్నుంచీ అంతేనని నువ్వే అనేదానివి. ఫోను చేద్దామంటే ఆవిడకి వినపడదు, నీకేమో ఫోను పట్టుకుంటే మాట పెగలదు. ఇక నాకీ కాగితాలే గతి.

మీ ఇంటికేం ఢోకా లేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి కిటికీలు తీసి వస్తున్నాను. టొమాటో మొక్కలకి నీళ్ళు పడుతున్నాను. నిమ్మచెట్టు విరగకాసింది, సగం కాయలు జామ్ చేశాను, చక్కెర ఎక్కువైంది, నువ్వుంటే తిట్టేదానివి.

అసలు కబురు మా ఆయనది. ఫుట్‌బాల్ క్లబ్బు లాటరీలో క్లారీకి ప్రెషర్ వాషర్ తగిలింది. పెట్రోలు పోసి తాడు లాగితే చాలు, నీళ్ళు తుపాకీ గుళ్ళలా కొడతాయి. రిటైరయిన దగ్గర్నుంచి ఏమీ తోచక నా వంటింటి డబ్బాలు సర్దుతూ నా ప్రాణం తీసిన మనిషి, ఇప్పుడు ఇంట్లో కాలు నిలపడం లేదు. మొదట వాకిలి కడిగాడు. తరవాత కంచె. తరవాత చెత్తడబ్బాలు. కుక్క వంక కూడా ఓ చూపు చూశాడు గానీ అది తెలివైంది, మంచం కింద దూరింది.

కడగడానికి నేల మీద ఇంకేం మిగలక, ఇంటికప్పు ఎక్కాడు. ముప్పై ఏళ్ళ నాచు కదా, రేకులు నల్లగా అట్టలు కట్టి ఉన్నాయి. ‘దిగవయ్యా, జారి పడతావు’ అని నేను కింద నుంచి అరుస్తుంటే, ‘నడుముకి తాడు కట్టుకున్నానే, నీకు విధవయోగం ఇప్పట్లో లేదులే’ అంటాడు. సాయంత్రానికి రేకులు తోమిన గిన్నెల్లా మెరిశాయి. నిజం చెప్పొద్దూ, నాకూ ముచ్చటేసింది.

మనవరాలు కిర్రా ఆ రోజు ఇక్కడే ఉంది. ఎండ మండిపోతోంది. రేకుల మీంచి తెల్లటి నీళ్ళు జారుతుంటే వాటి కింద నిలబడి గెంతులే గెంతులు. ఒళ్ళంతా సున్నంలో ముంచి తీసిన బొమ్మలా అయింది. మా అమ్మాయి లియాన్ వచ్చి కూతుర్ని చూసి పడీపడీ నవ్వింది. దాన్ని రుద్ది స్నానం చేయించేసరికి నా నడుము విరిగింది.

నీకూ ఓ కానుక చేశాడు క్లారీ. ఏమిటని అడక్కు. వచ్చాక నువ్వే తలెత్తి చూసుకుందువుగాని. అయ్యో, సగం చెప్పేసినట్టున్నాను.

తొందరగా వచ్చెయ్. కంచె మీద మోచేతులు ఆనించి మాట్లాడేవాళ్ళు లేక నోరు తుప్పు పడుతోంది.

నీ పక్కింటి నోలా

—

బర్నీ, టాస్మానియా
డిసెంబరు మొదటి వారం

నోలా,

నీ ఉత్తరం ఇప్పుడే చదివాను. పోస్టు కట్టేలోపు ఇది వెయ్యాలి. తలెత్తి చూడమన్నావు. మా ఇంటికప్పేనా? అవునో కాదో ఒక్క ముక్క రాయి.

ఆ రేకులు ఆస్బెస్టాస్ రేకులు. మీవీ మావీ, ఆ వీధిలో అందరివీ. కరెంటు కేంద్రంలో మా ఆయన సాల్వు ఆవిరి గొట్టాలకి చుట్టింది ఏదో, ఆయన ప్రాణం తీసింది ఏదో, రేకుల్లో సిమెంటుతో కలిపి పోసింది కూడా అదే. సిమెంటు గట్టిగా పట్టుకున్నంత కాలం అది లోపల పడుకుని ఉంటుంది. నాచు పట్టినా మసి పట్టినా దాన్ని కదపకూడదు. అంత జోరుగా నీళ్ళు కొడితే పైపొర లేచిపోయి పీచంతా బయటికొస్తుంది. తడిగా ఉంటే బురద, ఆరితే గాలిలోకి, గాలిలోంచి ఊపిరిలోకి. కంటికి కనపడదు నోలా. వాసన కూడా ఉండదు.

చీపురు పట్టకు. ఏదీ దులపకు. ఇల్లు మూసేసి బయటికి నడవండి. కిర్రాని ఆ పెరటి ఛాయలకి రానివ్వొద్దు. ఆ రోజు అది వేసుకున్న గౌను ఉతక్కుండా సంచిలో కట్టి పక్కన పెట్టు. కౌన్సిల్‌కి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పు. వీధిలో నామోషీ అని ఆలోచించకు.

క్లారీ మీద అరవకు. ముందు ఇది చెయ్యి.

ఊనా

—

కూరాలీ
డిసెంబరు మధ్యలో

ఊనా,

హడలగొట్టేశావే తల్లీ. నీ ఉత్తరం అందేసరికి నేను వాకిలీ వసారా అంతా ఊడ్చేశాను కూడా. బురద ఎండి పిండిలా లేచింది. ముక్కుకి గుడ్డ కట్టుకునే ఊడ్చానులే. కిర్రా గౌను ఆ రోజే మిషన్లో వేసి ఉతికేశాను, మా ఇంట్లో మాసిన బట్ట నిలవుంటుందా!

క్లారీకి నీ ఉత్తరం చదివి వినిపించాను. ‘సాల్వుది కరెంటు కేంద్రం సంగతి. సంచులు విప్పి చేత్తో కలిపేవాళ్ళు. ఇది ఉత్త సిమెంటు’ అన్నాడు. అని, పేపరు అడ్డం పెట్టుకున్నాడు. పేజీ తిప్పలేదు.

ఎదురింటి రొవీనా తెలుసుగా, చంటిపిల్ల తల్లి. తన కారు మీద తెల్లటి పొర ఎండిందని గొడవకొచ్చింది. కౌన్సిల్ మనిషిని పిలిచింది కూడా ఆవిడేనట. అతనొచ్చి గేటు బయటే నిలబడి రేకుల వంక చూశాడు. లోపలికి రమ్మంటే రాలేదు. టీ తాగమంటే వద్దన్నాడు. గేటు దగ్గర ఎండిన పెచ్చు ఓ చిన్న ముక్క సీసాలో వేసుకుని వెళ్ళాడు.

క్రిస్మస్‌కి లియాన్ వాళ్ళు వస్తున్నారు. పంది తొడ చెప్పి ఉంచాను. మర్టిల్ కర్ర పట్టుకుని నడుస్తోందా? నువ్వు అక్కడే ఇంకో రెండు మూడు నెలలు ఉండరాదూ, ఎండలు తగ్గేదాకా? ఇక్కడ ఏం తొందర లేదు. మీ ఇంటికేమవుతుంది, ఎక్కడికి పోతుంది?

నోలా

—

బర్నీ
జనవరి

నోలా,

నిన్న కౌన్సిల్ నుంచి ఒకమ్మాయి ఫోను చేసింది. మంచి గొంతు. ‘మీరు ప్రస్తుతం ఆ ఇంట్లో లేరు కదా?’ అని రెండుసార్లు అడిగింది. లేనన్నాను. హమ్మయ్య అంది. నా ఇంట్లో నేను లేనందుకు నా ముందే హమ్మయ్య అంది.

మీ ఆయన మా ఇంటికప్పు కూడా కడిగాడని నాకు చెప్పింది ఆ అమ్మాయి. నువ్వు కాదు. కిటికీలు తెరిచి ఉన్నాయట. రోజూ పొద్దున్నే తీస్తున్నానని రాశావు కదా. పరుపులు, కర్టెన్లు, తివాచీ, సోఫా, బీరువాలో బట్టలు, ఇలా పీచు పట్టే వస్తువు ఒక్కటీ మిగలదట. అన్నీ కట్టి తీసుకెళ్ళి పాతేస్తారట. ‘ముఖ్యమైనవి ఏమైనా ఉన్నాయా?’ అంది. ఏం చెప్పను? మా అత్తగారు మాల్టాలో అల్లి ఇచ్చిన లేసు దుప్పటి ఉంది. సాల్వు పెళ్ళి కోటు ఉంది. ‘గుడ్డలు కుదరవండీ’ అంది పాపం. ఫోను పెట్టేశాను.

క్లారీకి తెలియదనుకుంటున్నావు. నేనూ చాలా రోజులు అలాగే అనుకున్నాను. కాదు. సాల్వు పోయే ముందు వేసవిలో, పెరట్లో ఆక్సిజన్ సిలిండరు పక్కన పెట్టుకుని కూర్చుంటే, మీ ఆయన కంచె మీంచి వంగి, ‘మీ రేకులు గోకి పెట్టనా’ అన్నాడు. సాల్వు చెయ్యెత్తి ఆపాడు. అప్పటికి ఒక వాక్యం పూర్తి చెయ్యాలంటే మూడుసార్లు ఆగేవాడు. అలా ఆగుతూ ఆగుతూ మొత్తం చెప్పాడు. నేను వంటింటి కిటికీలోంచి విన్నాను. ఆ తరవాత కొన్నాళ్ళకి అతని శవపేటిక మోసిన వాళ్ళలో మీ ఆయనా ఉన్నాడు.

అడుగు ఆయన్ని.

ఊనా ఫెనెక్

—

కారవాన్ పార్కు, కూరాలీ రోడ్డు
మార్చి

ఊనా,

పేరు పక్కన ఇంటిపేరు పెట్టి రాశావు. ముప్పై ఏళ్ళలో ఎప్పుడూ పెట్టలేదు.

అన్నీ రాస్తాను. దాచినందుకు ఏ శిక్షైనా వెయ్యి. భయమేసింది, అంతే. రోజూ రేపు రాద్దాం అనుకున్నాను.

ఫిబ్రవరిలో వచ్చారు వాళ్ళు. ఒళ్ళంతా తెల్లటి సూట్లు, మొహాలకి ముసుగులు. వీధికి ఆ కొసా ఈ కొసా పసుపు టేపు కట్టారు. రొవీనా చంటిపిల్లని ఎత్తుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. వెళ్తూ నా వంక చూసింది. తిట్టినా బాగుండేది.

మమ్మల్ని ఒంటి మీద బట్టలతో బయటికి రమ్మన్నారు, ఆ బట్టలూ విప్పించుకుని వేరేవి ఇచ్చారు. మా సామాను పోయింది, పోనీ. తరవాత మీ ఇంట్లోకి వెళ్ళారు. నేను టేపు ఇవతల నిలబడ్డాను, కదల్లేదు, ఎవరో ఒకరు చూడాలి కదా అని. పరుపు మడిచి సంచిలో కుక్కారు. సాల్వు కూర్చునే కుర్చీ తెచ్చారు. కోటు బయటికొచ్చినప్పుడు పిలిచాను, ‘బాబూ, అదొక్కటి ఇవ్వండి, పెట్టెలో పెట్టి తాళం వేస్తాను, ఎప్పటికీ తియ్యను’ అని. ముసుగులోంచి ఆ అబ్బాయికి వినపడిందో లేదో. చెయ్యి ఊపాడు. అది కుదరదనో, నాకు దండమో తెలియలేదు. నీ గాజు సామానూ ఫొటోల ఫ్రేములూ తుడిచి ఓ పెట్టెలో ఇచ్చారు. అవి నా దగ్గరున్నాయి.

రెండు ఇళ్ళ రేకులూ ఊడదీశారు. పెరట్లో మట్టి కూడా తవ్వి తీసుకెళ్ళారు. నిమ్మచెట్టు కొట్టేశారు.

క్లారీని అడిగాను. ఇప్పుడు మా కాపురం చక్రాల మీది ఇంట్లో కదా, ఈ కారవాన్ మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

‘సాల్వు నీకు చెప్పాడా?’

‘చెప్పాడు.’

‘మరి?’

‘రోగిష్టి మనిషి కదే. అప్పటికి గాలన్నా భయపడేవాడు. అన్నిట్లోనూ అతనికి అదే కనపడుతోందనుకున్నా. అవే రేకుల కింద ఇన్నేళ్ళు పడుకున్నాం, ఏమైంది మనకి, అనుకున్నా.’

‘మనది కడిగావు, సరే. ఊనాది ఎందుకు కడిగావు?’

‘మన కప్పు తెల్లగా, పక్కన ఆమెది నల్లగా ఉంటే బాగాలేదు. తిరిగొచ్చేసరికి ముచ్చటపడుతుందని.’

ఇంకేం అడగను? లేచి లోపలికొచ్చి రొట్టె కోశాను. ఇద్దరం తినలేదు.

లియాన్ రావడం మానేసింది. ఫోను ఎత్తుతుంది, ‘ఊఁ’ ‘ఊహూఁ’ అంటుంది. కిర్రాని ఇవ్వమంటే, నిద్రపోతోందంటుంది. మధ్యాహ్నం పన్నెండింటికి నిద్రేమిటి?

జవాబు రాయకపోయినా సరే. నేను రాస్తూనే ఉంటాను.

నోలా

—

కారవాన్ పార్కు
మే

ఊనా,

నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. రాదనీ తెలుసు.

కిర్రాకి అయిదు నిండాయి. పుట్టినరోజుకి పార్కులో రమ్మంది లియాన్. ఇంటికి కాదు, పార్కుకి. కొత్త బట్టలు కొనుక్కుని దుకాణంలోనే మార్చుకుని వెళ్ళాను. క్లారీ కారు దిగలేదు. అద్దం కూడా దించలేదు.

కేకు కోస్తుంటే పిల్ల దగ్గింది. చలికాలం మొదలు కదా, పిల్లలన్నాక దగ్గుతారు. అయినా అందరం ఆగిపోయాం. లియాన్ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. వాళ్ళాయన నవ్వు ఆపేశాడు. కిర్రా మా మొహాలు చూసి, ‘నేనేం చేశాను?’ అంది. ఊనా, ఆ పిల్ల ‘నేనేం చేశాను’ అంది.

తరవాత మళ్ళీ దగ్గు వచ్చింది దానికి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, మాకు కనపడకుండా చెట్టు వెనక్కి వెళ్ళి దగ్గి వచ్చింది.

డాక్టరు దగ్గరికి నేనే వెళ్ళాను. ఆవిడ మంచిది. ‘ఒక్కరోజు తడిసినంతలో ప్రమాదం చాలా తక్కువ’ అంది. ‘అయితే ఏమీ కాదా?’ అన్నాను. ‘చాలా తక్కువ’ అంది మళ్ళీ. ‘పరీక్ష ఏదైనా చెయ్యండి’ అన్నాను. ఇప్పుడు చేసినా ఏమీ కనపడదట. వస్తే ముప్పై ఏళ్ళకి, నలభై ఏళ్ళకి వస్తుందట. అప్పటికి నేను ఉండను. దానికి పిల్లలుంటారు. అది ఒక మధ్యాహ్నం మెట్లెక్కుతూ ఊపిరాడక ఆగిపోతే, ఎందుకో చెప్పడానికి కూడా నేను ఉండను.

క్లారీ ఇప్పుడు కారులోనే పడుకుంటున్నాడు. కారవాన్‌లోకి రమ్మంటే, ‘నా ఊపిరి నీకెందుకులే’ అంటాడు. ఊపిరితో అంటేది కాదని ఎన్నిసార్లు చెప్పినా వినడు.

నిన్ను అడగడానికి నాకు మొహం లేదు. కానీ నువ్వు ఆ జబ్బుని దగ్గర్నుంచి చూశావు. నువ్వు తప్ప నాకెవరూ లేరు. సాల్వుకి మొదట ఏం కనపడింది? గోళ్ళలోనా, చర్మంలోనా, నిద్రలోనా? పిల్లలో నేను దేనికోసం చూడాలి? అదొక్కటి చెప్పు, ఇక జన్మలో నిన్ను ఏమీ అడగను.

నోలా

—

బర్నీ
జూలై

నోలా,

నీ ఉత్తరాలు మర్టిల్ గడియారం వెనక పెట్టింది. రోజూ అటు చూసి ఊరుకునేదాన్ని. నిన్న తెరిచాను. పిల్ల చెట్టు వెనక్కి వెళ్ళి దగ్గిందన్న చోట ఆపేసి, పొద్దున్నే లేచి మిగతాది చదివాను.

గుర్తులు అడిగావు. గుర్తులుండవు. సాల్వు మాల్టా నుంచి వచ్చి ఓడ దిగి ఆ పనిలో చేరేనాటికి పందొమ్మిదేళ్ళవాడు. లియాన్ పెళ్ళిలో నిన్ను గిరగిరా తిప్పుతూ డాన్సు చేశాడు చూడు, అప్పటికే అది లోపల ఉంది. ఎద్దులా తినేవాడు. ఈలవేస్తూ గెడ్డం గీసుకునేవాడు. చూడటానికి నా కళ్ళ ముందు ఏమీ లేదు నోలా, ఇరవై నాలుగు గంటలూ చూసినా ఏమీ లేదు.

డాక్టరు చెప్పింది నిజం. ఆ పిల్లకి ఏమీ కాకపోవడమే ఎక్కువ. నేనూ అదే నమ్ముతున్నాను, నీ మీద దయతో అనడం లేదు, నాకిప్పుడు అంత దయ లేదు. కానీ నీకు కావలసింది ‘తక్కువ’ కాదు, ‘కాదు’ అనే మాట. అది నీకెవరూ ఇవ్వలేరు. నాకూ ఇవ్వలేదు.

నువ్వొక్కదానివే దాచావనుకోకు. మర్టిల్ తుంటి విరిగిన మాట నిజమే. నేను వచ్చింది అందుకొక్కదానికే కాదు. అది నర్సుగా చేసిన మనిషి, దాని దగ్గరైతే ఏడవకుండా ఉండొచ్చని వచ్చాను. నా ఊపిరితిత్తి చుట్టూ నీళ్ళు చేరుతున్నాయి, ఇక్కడి ఆసుపత్రిలో సూది వేసి తీస్తున్నారు. సాల్వుకి వచ్చిందే నాకూ వచ్చిందని పోయిన అక్టోబరులోనే చెప్పారు. సాల్వు పని బట్టలు ఇరవై ఏళ్ళు ఉతికింది నేనే కదా. బక్కెట్లో వేసేముందు పెరట్లో నిలబడి రెండు చేతులా పట్టి దులిపేదాన్ని. తెల్లగా లేచేది. పిండి మిల్లులో పనిచేసి వచ్చావా అని ఏడిపించేదాన్ని ఆయన్ని.

కాబట్టి మీ ఆయన దుమ్ము నన్నేమీ చెయ్యలేదు. చెయ్యడానికి నాలో ఏం మిగల్లేదు. ఆ మాట ఆయనకి చెప్పు. క్షమించానని మాత్రం చెప్పకు. అక్కడిదాకా నేను రాలేదు, వచ్చేంత వ్యవధి ఉందనీ అనుకోను.

నేను కోరుకున్నది ఒక్కటే. శరీరం ఇక లాగలేనప్పుడు ఇంటికొచ్చి, సాల్వు పోయిన మంచం మీదే పడుకుని, నువ్వు కంచె మీంచి పిలిస్తే పలుకుతూ పలుకుతూ పోదామని. నీకు ఎప్పుడు చెప్పాలో కూడా అనుకుని పెట్టుకున్నాను, క్రిస్మస్ అయ్యాక అని. ఆ మంచం ఇప్పుడు ప్లాస్టిక్‌లో చుట్టి మట్టిలో ఉంది.

నాకు ఊపిరాడక రాత ఆపుతున్నాను, మళ్ళీ మొదలుపెడుతున్నాను. ఇది రెండో రోజు.

కిర్రా సంగతి. అది వచ్చినప్పుడు దాని మొహంలోకి చూడకు, దానికి తెలిసిపోతుంది. తిండి పెట్టు. ఆడించు. దగ్గితే దగ్గనివ్వు. మరీ ముఖ్యంగా, నిద్రపోతున్నప్పుడు గుండె మీద చెవి పెట్టి వినకు. సాల్వుకి నేను అలా చేసేదాన్ని. మొదట ఏదో వినపడుతుందేమోనని పెడతావు. ఏమీ వినపడదు. ఇక పెట్టకుండా ఉండలేవు.

నిన్ను రావద్దు అనను. రమ్మని కూడా అనను.

ఊనా

—

కారవాన్ పార్కు
ఆగస్టు

నా ఊనా,

వచ్చే శుక్రవారం ఓడెక్కుతున్నాను. నువ్వు రమ్మనలేదు, నాకు తెలుసు. మర్టిల్ తలుపు తీస్తే లోపలికొస్తాను, తియ్యకపోతే మెట్ల మీద కూర్చుంటాను. నీ గాజు సామాను తెస్తున్నాను.

నువ్వు చెప్పమన్నది క్లారీకి చెప్పాను. చెప్పొద్దన్నది చెప్పలేదు. కారు పక్కన నిలబడి విన్నాడు. ‘ఆమె తిరిగి రావాలనుకుందా?’ అని అడిగాడు. అవునన్నాను. నా మొహం చూడలేక, వంగి బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకున్నాడు.

నేను వెళ్ళిపోతున్నానని తెలిసి లియాన్ నిన్న కిర్రాని తీసుకొచ్చింది. జనవరి తరవాత అది నా గడప తొక్కడం ఇదే మొదలు. నువ్వు చెప్పినట్టే చేశాను. మొహంలోకి చూడలేదు. తేనె రాసిన రొట్టె పెట్టాను. పేకముక్కలతో ఇల్లు కట్టాం. రెండుసార్లు దగ్గింది, నేను ముక్కలు పేర్చుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నానికి అలిసిపోయి నా పక్క మీదే నిద్రపోయింది. లియాన్ బయట సిగరెట్ కాలుస్తోంది. క్లారీ లోపలికి రాలేదు, కిటికీ అవతల నిలబడి చూస్తున్నాడు.

వద్దన్నావు. చాలాసేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను కూడా.

తరవాత వంగి చెవి పెట్టాను.

ఏమీ వినపడలేదు ఊనా. ఊపిరి వస్తోంది, పోతోంది. తల ఎత్తేసరికి అద్దం అవతల్నుంచి క్లారీ, గొంతు రాకుండా, పెదవులతో ‘ఏం వినపడింది?’ అని అడుగుతున్నాడు.

నేను మళ్ళీ చెవి పెట్టాను.

నోలా